ఆ మాట కొట్టేయకండి

చిలకలూరిపేట,
9 జూన్ 2024.

మహాలక్ష్మి టీచరు గారికి,

నజీమా నమస్కరించి రాయునది. ప్రతి రంజానుకీ మీకు కార్డు రాసే నజీమానే. ఈసారి పండగ కబుర్లు కాదు, పని మీద రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీరు అవతల్నుంచి "ఆఁ, ఆఁ" అంటారే గానీ మీకు ఒక్క ముక్క వినపడదని నాకు తెలుసు.

నేను పనిచేసే స్పిన్నింగు మిల్లువాళ్ళు నాకు మెమో ఇచ్చారు. గుంటూరు వకీలు గారు రాసిచ్చిందట, అంతా ఇంగ్లీషే. మీ పుణ్యాన కూడబలుక్కుని చదివితే చాలావరకు అర్థమైంది. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "కాంట్యుమేషస్". నా కాంట్యుమేషస్ ప్రవర్తనకి నన్ను పనిలోంచి ఎందుకు తీసేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట. అంతవరకూ పనిలోకి రావద్దన్నారు. ఫోన్లో అర్థం వెతుకుదామని మా ఆయన నదీం అన్నాడు. మా టీచరు ఉండగా ఫోన్ని అడగటమేంటని నేనే వద్దన్నాను.

జరిగింది ఇది. పోయిన సోమవారం పొద్దుటి షిఫ్టులో నా మిషను రోలరుకి దూది చుట్టుకుంది. దారం కిందికి దిగకుండా రోలరు మీదే చుట్టుకుపోతే కొక్కెంతో కోసి తీసేయాలి. మా మిల్లులో అది మిషను నడుస్తుండగానే తీస్తాం. ఆపితే దారాలు తెగుతాయి, మళ్ళీ ఒక్కొక్కటీ అతకాలి, ఆ షిఫ్టులో ఎంత దారం తీశామో లెక్క చూపే మీటరు పడిపోతుంది. ఆ రోజు నేను ఎర్ర బటన్ నొక్కి మిషను ఆపేశాను. సూపర్‌వైజరు ప్రవీణ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా ఇది? నడస్తా ఉండంగనే తియ్యి. నీకేమన్నా కొత్తా?" అన్నాడు. తీయనన్నాను. "మిషనెయ్యమంటన్నా" అన్నాడు. నా పని అయ్యేదాకా వెయ్యనన్నాను. మంగళవారం కూడా అలాగే చేశాను, బుధవారం కూడా. గురువారం మెమో వచ్చింది.

పోయిన నెలలో మా పక్క మిషను పిల్ల సుందరికి చేతికి దెబ్బ తగిలింది. అప్పటినుంచీ నా మనసు బాగాలేదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. ముందు ఆ మాటకి అర్థం చెప్పండి. పదకొండేళ్ళుగా చేస్తున్న పని. ఇద్దరం సంపాదిస్తేనే మా ఇల్లు గడుస్తుంది.

మీ విద్యార్థిని,
నజీమా.


మాచర్ల,
14 జూన్ 2024.

ఏమే నజీమా,

ఆశీస్సులు. నీ ఉత్తరంలో తప్పులు ఎర్ర ఇంకుతో దిద్ది ఇందులోనే పెట్టాను. అయిదేళ్ళు నా దగ్గర చదివినా నీకు ఒత్తులు రాలేదు. ఇక నాకు వినపడదని రాశావు. నాకు బాగానే వినపడుతుంది, జనానికే నోరు తెరిచి మాట్లాడటం చేతకాదు. మా తమ్ముడు కొనిచ్చిన చెవి మిషను ఈల వేస్తుంది. దాన్ని పెట్టుకుని నేను వీధిలోకి వెళ్ళను.

ఆ మాట సంగతి. అది చాలా పాతది, ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళే వాడరు. వకీళ్ళు మాత్రం ఇలాంటివి బీరువాలో పట్టుబట్టల్లా దాచుకుని అప్పుడప్పుడు బయటికి తీస్తుంటారు. అర్థం నువ్వు భయపడేటంత పెద్దదేమీ కాదు. అజాగ్రత్త అని. చెప్పింది సరిగ్గా పట్టించుకోకపోవడం, అంతే.

"నా అజాగ్రత్త వల్ల జరిగింది, క్షమించండి, ఇక ముందు జరగనివ్వను" అని రాసిచ్చి పనిలోకి వెళ్ళు. మూడు ముక్కలు. పొట్టేలు వెళ్ళి కొండని ఢీకొంటే కొండకేమీ కాదు. బడిలోనూ నువ్వింతే, ఒక్కసారి "చెయ్యను" అన్నావంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా చేసేదానివి కాదు. ఇప్పుడు నీకు సంసారం ఉంది. సంతకం పెట్టు.

నదీం కుశలమా? సుందరి ఎవరో గానీ ఆ అమ్మాయిని జాగ్రత్తగా మందులు వాడమను.

ఇట్లు,
మహాలక్ష్మి.


చిలకలూరిపేట,
21 జూన్ 2024.

టీచరు గారికి,

మీరు చెప్పినట్టే రాశాను. మంచి కాగితం మీద, ఒత్తులు చూసుకుని రాశాను. మిల్లు ఆఫీసుకి తీసుకెళ్తే అక్కడ టైపు చేసే అమ్మాయి కీర్తన తీసుకుని చదివింది. "అక్కా, వాళ్ళు నిన్నొకటంటే నువ్వింకోదానికి క్షమాపణ చెప్తన్నావేంది?" అంది. ఆ మాటకి అర్థం అజాగ్రత్త కాదట. పైవాళ్ళు చెప్పింది తెలిసి తెలిసి, కావాలని, మొండిగా ధిక్కరించడమట. కంప్యూటర్లో తీసి చూపించింది. నేను నా కాగితం వెనక్కి తీసుకుని వచ్చేశాను.

మీకు తెలియదంటే నేను చచ్చినా నమ్మను. డిక్షనరీలో లేని మాటలకి కూడా అర్థాలు చెప్పేవారు మీరు. నాకెందుకు అబద్ధం చెప్పారు? ఫోన్ని అడగొద్దని మా ఆయన నోరు మూయించాను నేను.

పోనీ వేరే ఏ మాట చెప్పినా ఇంత మంట పుట్టేది కాదు. సరిగ్గా ఆ మాటే చెప్పారు. సుందరికి దెబ్బ తగిలిందని రాశాను కదా. దెబ్బ కాదు, కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. మిల్లువాళ్ళు ప్రమాదం కాగితంలో "సొంత అజాగ్రత్త" అని రాసి పంపారు. ఆ ఒక్క ముక్కతో తప్పంతా ఆ పిల్లదే అయిపోయింది, నష్టపరిహారం ఇవ్వకుండా వాళ్ళు చేతులు దులుపుకున్నారు.

సుందరికి పని నేర్పింది నేను. మా దగ్గర మిషను ఆపకుండా దూది తీసేవాళ్ళకే పనిమంతులని పేరు. ఆపేవాళ్ళని చూసి నవ్వుతాం. అందులో నేను అందరికంటే ముందు. రోలరు దగ్గర దారం వేళ్ళని కోసేస్తుంది కదా, అందుకని నేను వేళ్ళకి పాత చున్నీ పేలిక చుట్టుకునేదాన్ని. అది నేను కనిపెట్టిన ఉపాయం. అందరూ నేర్చుకున్నారు, సుందరికి నేనే దగ్గరుండి చుట్టాను. ఆ రోజు రోలరు ఆ పేలికని పట్టుకుంది. పేలికతో పాటు వేళ్ళు వెళ్ళాయి. మిషను ఆపింది నేనే, కానీ అప్పటికి అయిపోయింది.

పదకొండేళ్ళు నేను అజాగ్రత్తగానే ఉన్నాను టీచర్. అప్పుడు నన్ను అందరూ మెచ్చుకున్నారు. బటన్ నొక్కిన ఆ మూడు రోజులే జాగ్రత్తగా ఉన్నాను. ఆ మూడు రోజులకి అజాగ్రత్త అని క్షమాపణ చెప్పమంటారా? చెప్పను.

నజీమా.


మాచర్ల,
4 జూలై 2024.

నజీమాకి,

జవాబు ఆలస్యం చేశాను. ఒంట్లో బాగానే ఉంది, ఆ సాకు చెప్పను. సిగ్గుపడి రాయలేదు.

ఆ మాటకి అర్థం నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. 1984లో నేను కొత్త టీచర్ని. వేరే ఊరికి, పేరు ఎందుకులే, పరీక్షల డ్యూటీకి వెళ్ళాను. ఆ ఊరి పెద్దమనిషి కొడుకు చీటీలు పెట్టి రాస్తుంటే పట్టుకున్నాను. "చీటీలు తిరిగిచ్చేసి వదిలెయ్యమ్మా" అని పైవాళ్ళు చెప్పారు. వదలనన్నాను. నాకొచ్చిన మెమోలో ఇదే మాట ఉంది. నేనూ డిక్షనరీ తీసి చూశాను, చూసి మొదటిరోజు పొంగిపోయాను కూడా. మూడో రోజుకి ఆ పొంగు దిగిపోయింది. "నా అజాగ్రత్త వల్ల పొరబడ్డాను, ఆ అబ్బాయి దగ్గర చీటీలు లేవు" అని రాసిచ్చాను.

చీటీలు మాత్రం గదిలో ఉన్నాయి కదా, వాటిని ఎవరో ఒకరు తెచ్చి ఉండాలి. అటెండరు మౌలాలీ తెచ్చాడని తేల్చి అతన్ని తీసేశారు. అతను నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగాడు. "అమ్మా, తమరు కళ్ళారా చూశారు గదా?" చూడలేదన్నాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఏమయ్యాడో కనుక్కోవాలని కూడా నేను ప్రయత్నించలేదు. నిండా ఉద్యోగం చేసి ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నాను. సంతకం పెడితే బతుకుతామని నీకు చెప్పింది అందుకే. బతుకుతాం, అది నిజమే. ఎలా బతుకుతామో చెప్పలేదు నీకు.

ఇప్పుడు అసలు అర్థం విను. పూర్వం కోర్టు పిలిచినా హాజరు కాని మొండివాళ్ళని ఇలా అనేవాళ్ళు. అధికారం ఉన్నవాళ్ళు ఇచ్చిన న్యాయమైన ఆజ్ఞని, అది ఆజ్ఞ అని తెలిసీ, బుద్ధిపూర్వకంగా కాదనడం. తెలియక చేస్తే ఆ మాట వర్తించదు, పొరపాటున చేసినా వర్తించదు. మీ వకీలు గారు మాట గంభీరంగా ఉంది కదా అని వాడేసినట్టున్నాడు. నిన్ను ఆ మాట అనాలంటే ముందు నీకు ఏం ఆజ్ఞ ఇచ్చారో వాళ్ళు కాగితం మీద పెట్టాలి. నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టమన్నామని వాళ్ళ చేత్తో వాళ్ళే రాయాలి. అలాంటి ప్రమాదం ఉన్నచోట ఆడవాళ్ళ చేత నడుస్తున్న మిషను శుభ్రం చేయించకూడదని ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. మా పక్కింటి ప్లీడరు చేత పుస్తకం తీయించి చదివాను. అతను అరిచి అరిచి చెప్పాడు, వీధంతా విన్నది.

మెమోకి జవాబుగా ఒక్కటే అడుగు. నేను ధిక్కరించిన ఆజ్ఞ ఏమిటో రాసివ్వండి అని. ఆ పైన నీ ఇష్టం. నాకు ఇప్పటికీ భయంగానే ఉంది, అయినా ఈసారి నా భయాన్ని నీకు సలహాగా అమ్మను.

మహాలక్ష్మి.


చిలకలూరిపేట,
19 జూలై 2024.

ప్రియమైన టీచరు గారికి,

గడువు పెంచమని అడిగి, మీరు చెప్పిన ఒక్క వాక్యం రాసిచ్చాను. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. మొన్న సోమవారం మేనేజరు గారు పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. పదకొండేళ్ళలో ఆ గదిలో నాకు కుర్చీ చూపించడం ఇదే మొదలు. అప్పుడే అనుమానం వచ్చింది.

"ఏమ్మా, వకీలు గారేదో పెద్ద మాట రాశారు. అది తీసేద్దాం. అజాగ్రత్త అని మార్చి వేరే మెమో ఇస్తా. సంతకం పెట్టు, రేపట్నించి పనిలోకొచ్చెయ్" అన్నారు.

"మార్చొద్దు సార్" అన్నాను.

"అది తిట్టమ్మా! తిట్టు తీసేస్తానంటుంటే వద్దంటావేంది?"

"తిట్టని తెలుసు సార్. అజాగ్రత్త కూడా తిట్టే. ఇది నేను చేసిన పనికి పడ్డ తిట్టు, ఉండనివ్వండి."

ఆయన ముఖం మాడిపోయింది. ఆగస్టు ఆరున ఎంక్వైరీ పెట్టారు.

నదీం నామీద మండిపడ్డాడు. "ఇచ్చే పని కాలదన్నుకుంటారా ఎవరన్నా?" అన్నాడు. నేను అతన్ని సుందరి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆ పిల్ల ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం చూశాడు. తిరిగి వస్తుంటే దారిలో, "సరేలే, మనకి చేతుల్లేవా? గ్యారేజీలో ఇంకో రెండు గంటలుంటా" అన్నాడు. అంతకంటే మంచిమాట అతను పెళ్ళయ్యాక నాతో అనలేదు.

మీరు మౌలాలీ సంగతి చెప్పారు. నేను కూడా మీ దగ్గర ఒకటి దాచాను. నాలుగేళ్ళ కిందట ఆ పేలిక నా వేలినే రోలరులోకి లాగింది. పేలిక పాతది కావడంతో పుటుక్కున తెగింది, గోరు మాత్రం ఊడింది. తలుపు సందులో పడిందని అందరికీ చెప్పాను. నా పనితనానికి పేరు పోతుందని భయం. ఆ తర్వాత కూడా అదే సుందరికి నేర్పాను, కొత్త పేలికతో. సుందరేమో "నేనే సరిగ్గా చుట్టుకోలేదక్కా" అని తనని తాను తిట్టుకుంటోంది. నేను వింటూ కూర్చుంటున్నాను.

ఎంక్వైరీలో ఇవ్వడానికి కాగితం రాశాను. చిత్తు ప్రతి ఇందులో పెట్టాను, దిద్ది పంపండి.

నజీమా.


మాచర్ల,
25 జూలై 2024.

అమ్మాయి నజీమాకి,

చిత్తు ప్రతి దిద్దాను. ఎర్ర ఇంకు ఎక్కువే పడింది, కంగారు పడకు. "సవినయంగా" కొట్టేశాను. నీకు వినయం లేదనే కదా వాళ్ళ ఫిర్యాదు. "తమరు పెద్దమనసు చేసుకుని" కొట్టేశాను. "తెలిసో తెలియకో" రెండుసార్లు కొట్టేశాను. తెలిసే చేశావు, అలాగే రాయి. "క్షమించగలరు" ఉన్నచోట కాగితం చిరిగేలా కొట్టేశాను. ఇంగ్లీషులోకి మార్చమని అడిగావు, మార్చను. నువ్వు వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ మాట తెలుసుకున్నావు. నీ మాట వాళ్ళు నీ భాషలో విననీ.

గోరు ఊడిన సంగతి ఈ కాగితంలో ఎక్కడా లేదు. నా ఒక్కదానికి రాసి తేలికపడ్డావా? నేనెవర్ని? సుందరి వినాలి అది. అక్కడ, అందరి ముందూ చెప్పు. అది చెప్తే వాళ్ళు నీ మీదికే తిప్పుతారు, అది నాకు తెలుసు. ఆ అమ్మాయి నీ ముఖం చూడనంటుందేమో కూడా. అయినా చెప్పు.

పక్కింటి ప్లీడరుని వెంటబెట్టుకుని మౌలాలీ కోసం రేపు ఆ ఊరు వెళ్తున్నాను. చెవి మిషను పెట్టుకునే వెళ్తాను. ఈల వేస్తే వేయనీ.

మహాలక్ష్మి.


చిలకలూరిపేట,
9 ఆగస్టు 2024.

టీచరు గారికి,

నన్ను పనిలోంచి తీసేశారు. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివించి చెప్పడం ఎందుకని.

ఎంక్వైరీకి గుంటూరు వకీలు గారే వచ్చారు. సుందరిని సాక్షిగా వాళ్ళే పిలిపించారు, తన తప్పేనని ఆ పిల్ల నోటితోనే అనిపించాలని. వకీలు గారు నా కాగితం చదివి, మెమోలో ఆ మాట చూపించి, "ఈ మాటకి అర్థం తెలుసా నీకు?" అన్నారు. చెప్పాను. ఆజ్ఞ ఉండాలని, ఆ ఆజ్ఞ న్యాయమైనదై ఉండాలని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ప్రవీణ్ వైపు తిరిగి, "తమ్ముడూ, ఆ రోజు నాకేం చెప్పావు?" అని అడిగాను. అతను మేనేజరు ముఖం చూశాడు.

"నడస్తా ఉండంగనే తియ్యమన్నా. నాకూ అట్నే చెప్పారు సార్, అందరికీ అదే చెప్తాం" అన్నాడు.

మేనేజరు గారు అది రాయొద్దన్నారు. ఎదిరించానని రాస్తూ ఏది ఎదిరించానో రాయకపోతే నేను సంతకం పెట్టనన్నాను. కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం టీలు వచ్చి వెళ్ళాయి, నేను లేవలేదు. చివరికి వకీలు గారే విసిగిపోయి "రాయండయ్యా" అన్నారు. పైన ఆ మాట, దాని కింద ఆ ఆజ్ఞ, రెండూ కీర్తన టైపు చేసింది. అప్పుడు సంతకం పెట్టాను. ఒక ప్రతి ఇప్పించుకున్నాను.

తర్వాత ఎవరూ అడగకుండానే రెండో సంగతి చెప్పాను. పేలిక ఉపాయం నాదని, నా గోరు ఊడిందని, దాచానని, దాచి సుందరికి నేర్పానని. మేనేజరు గారు కుర్చీలోంచి సగం లేచి, "చూశారా, ఈమే కారణం!" అన్నారు. "నేనూ కారణమే సార్. రాయండి. దాని పక్కన మీటరు కోసం మిషను ఆపనివ్వని సంగతి కూడా రాయండి" అన్నాను. చెప్తున్నంతసేపూ సుందరి వైపు చూడలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

నిన్న కీర్తన ఇంటికొచ్చి చెప్పింది. పొద్దుటి షిఫ్టులో రోలరుకి దూది చుట్టుకుంటే నలుగురు ఆడవాళ్ళు నాలుగు చోట్ల ఎర్ర బటన్ నొక్కారట. ప్రవీణ్ వచ్చి చూసి, మిషను వెయ్యమనకుండానే వెనక్కి వెళ్ళిపోయాడట.

ఎంక్వైరీ అయ్యాక సుందరి నాకంటే ముందు గేటు దాటి బస్టాపుకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. బస్టాపు దగ్గర ఆగి, "నీకు ముందే తెలుసా అక్కా?" అంది. తెలుసన్నాను. "నేనింట్లో కూర్చోని నన్ను నేను తిట్టుకుంటంటే ఇన్నావు గదా?" అంది. విన్నానన్నాను. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యే పెట్టింది.

బస్సొచ్చింది. ఎక్కి, మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"నాకు చానా కోపంగా ఉంది. ఇది ఇప్పుడిప్పుడే పొయ్యేది కాదు. ఆ కాగితం పట్టుకోని సోమవారం గుంటూరు రా. లేబరాఫీసులో నా తరఫున నువ్వే చెప్పాల" అంది.

సోమవారం వెళ్తున్నాను.

నజీమా.